తోడు ఎవరి దగ్గర ఉంది?

ఈ వేసవిలో మా అమ్మ అపార్ట్‌మెంటు మెట్ల మీద కాలు జారి పడింది. కుడిచేతి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు అన్నారు. నేను ఇంటి నుంచే పని చేస్తాను, ఉండేది ద్వారకా నగర్‌లో. కిందికి దిగితే కర్రీ పాయింట్లు, మెస్సులు. ఫోన్ తీస్తే ఇంకో వంద. కాబట్టి తిండికి భయపడాల్సిన పనేమీ లేదనుకున్నాను. పప్పూ చారూ ఎలాగో వచ్చేశాయి కూడా. నన్ను ఓడించింది పెరుగు.

మొదటి రాత్రి పాలు కాగీ కాగగానే తోడు వేసేశాను. తెల్లారేసరికి పాలు పాలలాగే ఉన్నాయి. రెండో రాత్రి పాలు చల్లార్చాను గానీ, గిన్నెని తీసుకెళ్ళి ఏసీ గదిలో పెట్టాను. మళ్ళీ పాలే. మూడో రాత్రికి ఫ్రిజ్‌లో మిగిలిన ఆ కాస్త పెరుగూ అడుగంటింది. అది కూడా వేసేసి, గిన్నెని పొయ్యి పక్కనే పెట్టి, పొద్దున్న మూత తీస్తే విరిగిన పాలు, పైన నీళ్ళు, ముక్కు మూసుకునే వాసన.

అమ్మ మంచం మీంచే అడిగింది. "తోడు మిగిల్చేవా?"

మిగల్చలేదు.

"ఏటి బాబూ, అది మీ అమ్మమ్మింటి తోడు" అంది. కోపంగా కూడా కాదు, ఏదో ఊరి కబురు చెబుతున్నట్టు. పెళ్ళైన కొత్తలో బొబ్బిలి నుంచి బస్సులో, స్టీలు డబ్బాలో పెట్టుకుని తెచ్చిందట. అప్పటినుంచీ రోజూ రాత్రి ఒక చెంచా, రేపటికి ఒక చెంచా.

ముప్పై ఏడేళ్ళు ఆగకుండా నడిచిన దాన్ని నేను మూడు రాత్రుల్లో ఆపేశాను. మా ఉద్యోగాల్లో ఇలాంటిది జరిగితే తర్వాత కూర్చుని ఒక రిపోర్టు రాస్తాం: ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్ళీ జరక్కుండా ఏం చెయ్యాలి. ఆ అలవాటుతోనే పెరుగు గురించి చదవడం మొదలుపెట్టాను. ఇది ఆ రిపోర్టే అనుకోండి. కాకపోతే "ఎందుకు జరిగింది" దగ్గరే నేను చాలా రోజులు ఆగిపోయాను.

పాలలో ఉండే చక్కెర పేరు లాక్టోజు. అది రెండు చిన్న చక్కెరల జంట, గ్లూకోజు, గాలక్టోజు. పాలను తోడుకునేలా చేసే బాక్టీరియాల్లో ముఖ్యమైనది ఒకటి స్ట్రెప్టోకాకస్ థెర్మోఫిలస్. దాని పొరలో తలుపు లాంటి ఒక ప్రొటీన్ ఉంటుంది. ఆ తలుపు గుండా లాక్టోజుని లోపలికి తెచ్చుకుంటుంది. లోపల బీటా గాలక్టోసిడేజ్ అనే ఎంజైము ఆ జంటని విడగొడుతుంది. గ్లూకోజుని వాడుకుని శక్తి సంపాదించుకుంటుంది, మిగిలిన లాక్టిక్ ఆమ్లాన్ని బయటికి వదిలేస్తుంది. ఆ ఆమ్లం పెరిగేకొద్దీ పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ గడ్డకడుతుంది. అదే పెరుగు. పులుపు కూడా ఆ ఆమ్లానిదే.

మరి గాలక్టోజు సంగతేంటి? చాలా రకాల థెర్మోఫిలస్‌లు దాన్ని ముట్టుకోవు. వచ్చిన తలుపు గుండానే బయటికి పంపేస్తాయి. ఒక గాలక్టోజు బయటికి, ఒక లాక్టోజు లోపలికి. చవకైన ఏర్పాటు. చుట్టూ పాల సముద్రం ఉన్నప్పుడు సగం పారేసినా లోటేం లేదు. ఈ పారేసిన గాలక్టోజుని మీరూ చూసే ఉంటారు. పిజ్జా మీద మొజరెల్లా అక్కడక్కడా ముదురు గోధుమరంగుకి తిరుగుతుంది కదా, అందులో దాని వాటా కొంత ఉంటుంది.

నన్ను పట్టుకున్న సంగతి దీని తర్వాతది. గాలక్టోజుని వాడుకోవడానికి కావలసిన జీన్‌లు ఆ బాక్టీరియా దగ్గర ఉన్నాయి. లాక్టోజు జీన్‌ల పక్కనే, వరసగా, దాదాపు చెక్కుచెదరకుండా ఉన్నాయి. కానీ వాటిని ఎక్కణ్ణుంచి చదవాలో చెప్పే చిన్న భాగం, ప్రొమోటర్ అంటారు, అది బలహీనంగా ఉంది. అందుకని ఆ జీన్‌లు నోరు మెదపవు. 2001లో వచ్చిన ఒక పరిశోధనలో, ఆ ప్రొమోటర్ దగ్గర చిన్న మార్పు జరిగిన థెర్మోఫిలస్‌లు గాలక్టోజుని మళ్ళీ తినడం మొదలుపెట్టాయని తేలింది. కోడ్‌లో ఒక ఫీచర్‌ని చెరిపెయ్యకుండా స్విచ్ ఆపి ఉంచుతాం చూడండి, అలాగన్నమాట.

కొన్ని మాత్రం నిజంగానే చెరిగిపోయాయి. 2004లో థెర్మోఫిలస్ జీనోమ్ మొత్తం చదివినప్పుడు దాని జీన్‌లలో దాదాపు 10 శాతం పనికిరానివని తెలిసింది. మధ్యలో తెగిపోయి, అక్షరాలు ఊడిపోయి, అర్థంలేని వాక్యాల్లా మిగిలినవి. వాటిలో రకరకాల చక్కెరల్ని వాడుకోవడానికి సంబంధించినవి చాలా ఉన్నాయి. దీని దగ్గరి చుట్టాలు కొందరు మనకి న్యుమోనియా, గొంతు నొప్పి తెచ్చేవాళ్ళు. ఆ జబ్బు చేసే సరంజామా కూడా ఇందులో చాలామటుకు పోయింది. పెరుగులో దీనికి జోడీగా ఉండే లాక్టోబాసిలస్ బల్గారికస్ జీనోమ్ 2006లో వచ్చింది. అక్కడా ఇదే కథ, ఇంకా ఊడుతూనే ఉన్న కథ.

కారణం సాదాగానే ఉంటుంది. జీన్‌లలో తప్పులు ఎప్పుడూ జరుగుతూనే ఉంటాయి. అవసరమైన జీన్‌లో తప్పు జరిగితే ఆ బాక్టీరియా వెనకబడిపోతుంది, దాని వంశం నిలవదు. అవసరం లేని జీన్‌లో తప్పు జరిగితే ఏమీ కాదు, ఆ తప్పు అలాగే తర్వాతి తరానికి వెళ్తుంది. పాలలో లాక్టోజు తప్ప వేరే చక్కెర లేనట్టే. తలుపులు లేని ఊళ్ళో తాళంచెవుల గుత్తి మోసేవాళ్ళెవరు? మర్చిపోవాలని అక్కడ ఎవరూ నిర్ణయించుకోలేదు. గుర్తుంచుకోవాల్సిన అవసరం పోయింది, అంతే.

దీనికి ఎంతకాలం పడుతుంది? ఇంకో పాల బాక్టీరియా మీద చేసిన ప్రయోగం ఉంది. దాని పేరు లాక్టోకాకస్ లాక్టిస్, మన ఇళ్ళలో మామూలు గది వేడికి తోడుకునే పెరుగులో తరచుగా కనిపిస్తుంది. దాని బంధువొకటి పెసర మొలకల మీద దొరికింది. మొక్కల మీద బతికే రకం. డచ్ పరిశోధకులు దాన్ని పాలలో వెయ్యి తరాలు పెంచి 2012లో ఫలితాలు ప్రకటించారు. బాక్టీరియాకి వెయ్యి తరాలంటే కొన్ని నెలల వ్యవహారం. విడివిడిగా పెంచిన మూడు వంశాల్లో రెండు పాలలో ముందుకంటే చురుగ్గా పెరగడం నేర్చుకున్నాయి. మూడింట్లో రెండు వంశాలు, మొక్కల చక్కెరల్ని తినే జీన్‌లున్న ముక్కని మొత్తంగా వదిలించుకున్నాయి. పెసర మొలకని మర్చిపోయాయి.

నేను బెంగళూరులో తొమ్మిదేళ్ళున్నాను. వెళ్ళిన మొదటి నెలలో ఆఫీసులో తెలుగువాళ్ళ మధ్య "ఎల్లిపోనాను" అని ఒకసారి అన్నాను. నవ్వారు. చెడ్డగా ఏం కాదు, ముచ్చటపడే నవ్వారు. ఆ తర్వాత ఆ మాట నా నోట రాలేదు. అయినా పోలేదు, అమ్మతో ఫోన్లో మాట్లాడేటప్పుడు దానంతటదే వచ్చేది. స్విచ్ మాత్రమే ఆగింది. డల్లాస్‌లో పుట్టిన మా అన్నయ్య కూతురికి ఆ స్విచ్ కూడా లేదు. తను తెలుగు బాగానే మాట్లాడుతుంది, ఏ ఊరిదీ కాని తెలుగు. మాది ఒకే ఇల్లు, మధ్యలో ఒక్క తరం.

ఇలాంటివి చెప్పినప్పుడు మన దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఒకటి, పెద్దవాళ్ళ వాట్సాప్ గ్రూపుల జవాబు: పూర్వం అన్నీ వచ్చు, ఇప్పటివాళ్ళకి ఏదీ చాతకాదు, అంతా పతనం. రెండోది మా ఆఫీసు జవాబు: అక్కర్లేనిది మొయ్యడం దండగ, తేలికైనవాడే ముందుకెళ్తాడు. మొదటిది నిజమైతే పెరుగు బాక్టీరియా దిగజారిన జీవి. రెండోది నిజమైతే ఆ మూడు రాత్రుల్లో నేను పోగొట్టుకున్నది ఏమీ లేదు, ప్యాకెట్ కొనుక్కుంటే సరిపోతుంది. నిజానికి నాలుగోరోజు అదే చేశాను, విశాఖ డెయిరీ ప్యాకెట్ తెచ్చాను. పెరుగు బాగానే ఉంది. మనసులో గుచ్చుకున్నది మాత్రం తగ్గలేదు.

రెండు జవాబుల్లోనూ ఒకే పొరపాటు ఉందని తర్వాత అర్థమైంది. రెండూ జీవిని ఒంటరిగా నిలబెట్టి లెక్క వేస్తున్నాయి. ఒంటరిగా చూస్తే బల్గారికస్‌కి లోట్లే లోట్లు. పక్కన థెర్మోఫిలస్‌ని పెట్టి చూస్తే లెక్క వేరుగా వస్తుంది. బల్గారికస్ కేసిన్‌ని ముక్కలు చేస్తుంది, ఆ ముక్కల మీద థెర్మోఫిలస్ బతుకుతుంది. థెర్మోఫిలస్ ఫార్మిక్ ఆమ్లం, ఫోలిక్ ఆమ్లం, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, అవి బల్గారికస్‌కి కావాలి. రెండూ కలిసి ఉంటే విడివిడిగా ఉన్నప్పటికంటే పాలు తొందరగా పులుస్తాయి. ఇన్నేళ్ళూ "తోడు" అన్న మాట వాడుతున్నాను గానీ, పాలలో వేసే చెంచాకీ పక్కన ఉండే మనిషికీ మన భాషలో ఒకే పేరు ఎందుకుందో ఆలోచించలేదు.

ఈ తోడు మన ఒంట్లోకి కూడా వచ్చింది. పసిపిల్లలుగా ఉన్నప్పుడు మనందరికీ లాక్టోజుని విడగొట్టే ఎంజైము ఉంటుంది. పాలు మానే వయసు దాటాక ప్రపంచంలో చాలామందికి అది తగ్గిపోతుంది. జీన్ ఎక్కడికీ పోదు, స్విచ్ ఆగుతుంది. ఆ జీన్‌కి ముందున్న భాగంలో ఒక్క అక్షరం మారినవాళ్ళకి మాత్రం జీవితాంతం నడుస్తుంది. 2012లో అచ్చైన ఒక అధ్యయనం, మన దేశంలో పశువుల్ని మేపే సముదాయాల్లో కనిపించే ఆ మార్పు యూరప్‌వాళ్ళలో ఉన్నదేనని చూపించింది. ఉత్తరాదితో పోలిస్తే దక్షిణాదిన అది తక్కువ. పాలు తాగితే కడుపుబ్బరం అనేవాళ్ళు మజ్జిగన్నం హాయిగా తింటారు కదా. పెరుగు బాక్టీరియా కొంత లాక్టోజుని ముందే కరిగించేస్తుంది, మిగిలినదానికి తన ఎంజైముని మన పేగుల్లోకి వెంట తెస్తుంది. మనం ఆపేసిన పనిని అది చేసిపెడుతుంది. బదులుగా మనం దానికి రోజూ రాత్రి గోరువెచ్చటి పాలు పోస్తాం.

ఇంతవరకూ కథ అందంగానే ఉంది. మరీ అందంగా ఉందని కూడా అనుమానం వచ్చింది. బాక్టీరియాకి నీతి లేదు. అవి కలిసి బతుకుతున్నాయి కాబట్టి మనమూ అలాగే బతకాలని చెప్పడం తప్పు వాదన. పైగా మా ఇంట్లో పెరుగు వ్యవహారం ఇచ్చిపుచ్చుకోవడమని ఏ ధైర్యంతో అంటాను? ముప్పై ఏడేళ్ళు రోజూ రాత్రి పాలల్లో వేలు ముంచి వేడి చూసింది అమ్మే. నాన్న గానీ, అన్నయ్య గానీ, నేను గానీ ఒక్కరోజు చూడలేదు. మేం మర్చిపోగలిగాం, ఎందుకంటే ఆవిడ మర్చిపోవడానికి వీల్లేదు. దాన్ని తోడు అంటారా, మోయించడం అంటారా?

ఈ ప్రశ్న దగ్గర నాకు సాయం చేసింది ఒక తెలుగాయన జీవితం. మా ఇంటికి నడిచే దూరంలోనే పౌర గ్రంథాలయం ఉంది. చిన్నప్పుడు అక్కడ కూర్చుని చదివిన జీవితచరిత్రల్లో యల్లాప్రగడ సుబ్బారావుగారిది ఉంది. 1895లో భీమవరంలో పుట్టి, అమెరికా వెళ్ళి, లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనల డైరెక్టరయ్యారు. ఆయన నాయకత్వంలోని బృందం కాలేయంలో ఉండే ఒక విటమిన్‌ని వేరుచేసి, ప్రయోగశాలలో తయారు చేసింది. 1945లో ఆ సంగతి ప్రపంచానికి తెలిసింది. అదే ఫోలిక్ ఆమ్లం. స్ప్రూ అనే జబ్బు ఆయన అన్నదమ్ముల్ని తీసుకుపోయింది. ఆ జబ్బుకి వాడే మందుల్లో ఫోలిక్ ఆమ్లం కూడా చేరింది.

ఇదంతా పరీక్షల కోసం అందరం బట్టీపట్టిందే. అప్పుడు తెలియనిది, ఆ విటమిన్‌ని ఎలా కొలిచేవాళ్ళన్నది. కాలేయం రసాన్ని వడగట్టినప్పుడు ఏ గొట్టంలో ఎంత ఉందో కంటికి కనిపించదు. అందుకని ఒక బాక్టీరియాని వాడేవాళ్ళు, లాక్టోబాసిలస్ కేసై. జున్నులో, పాలలో ఉండే రకం. అది ఫోలిక్ ఆమ్లాన్ని తనంతట తాను తయారు చేసుకోలేదు. గొట్టంలో ఆ విటమిన్ ఉంటేనే పెరిగి, చక్కెరని ఆమ్లంగా మారుస్తుంది. ఎంత పులిసిందో కొలిస్తే ఎంత విటమిన్ ఉందో తెలుస్తుంది. అందుకే ఆ పదార్థాన్ని మొదట్లో ఆ బాక్టీరియా పేరుతోనే పిలిచేవాళ్ళు. అన్నీ సొంతంగా చేసుకోగల బాక్టీరియా ఆ పనికి పనికిరాదు. విటమిన్ ఉన్నా లేకున్నా అది పెరుగుతుంది, మనకేమీ చెప్పదు. కేసైకి చాతకాని ఆ ఒక్క పనే దాన్ని కొలబద్ద చేసింది.

నా మూడు రాత్రుల పాలు కూడా అలాంటి కొలతేనని నాకు తట్టింది. పెరుగు రోజూ దొరికినంతకాలం అది ఎవరి నుంచి వస్తోందో, ఎంత వస్తోందో కొలిచే సాధనమే నా దగ్గర లేదు. నాకు చాతకాదని తెలిసిన రోజున మొదటిసారి ముల్లు కదిలింది.

కాబట్టి మర్చిపోవడం తప్పని నేననుకోవడం లేదు. ఎవరూ అన్నీ మొయ్యలేరు, మొయ్యాలని అడగడమూ న్యాయం కాదు. కానీ నేను వదిలేసిన ప్రతి పనినీ నా కోసం ఎవరో పట్టుకుని ఉన్నారు. ఎవరు పట్టుకున్నారో తెలుసుకోకపోవడం, వాళ్ళకి నా నుంచి ఏం వెళ్తోందో ఎప్పుడూ చూసుకోకపోవడం, తప్పు అక్కడుందనిపిస్తుంది. మా రంగంలోనూ ఇది చూశాం. 2016 మార్చిలో ఒక ప్రోగ్రామర్ తను ఉచితంగా పెట్టిన పదకొండు లైన్ల కోడ్‌ని వెనక్కి తీసుకున్నాడు. లెఫ్ట్ ప్యాడ్ దాని పేరు. ప్రపంచమంతా పెద్ద పెద్ద కంపెనీల బిల్డ్‌లు ఆగిపోయాయి. అంతమంది ఒక మనిషి మీద నిలబడి ఉన్నారని ఆ రోజు వరకూ చాలామందికి తెలియదు.

న్యాయంగా చెప్పాలంటే, అమ్మ కూడా కొన్ని వదిలేసింది. నేను బెంగళూరు నుంచి తిరిగొచ్చాక కరెంటు బిల్లు, గ్యాసు, బ్యాంకు పనులన్నీ నా ఫోన్లోకి వచ్చేశాయి. ఒకప్పుడు ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి ఒంటరిగా బస్సెక్కి పెన్షను పని చూసుకుని వచ్చిన మనిషి, ఇప్పుడు బ్యాంకు మెసేజ్ వస్తే ఫోన్ నా చేతికిస్తుంది. సాయం చేస్తున్నాననుకున్నాను. ఆవిడ ఏ ప్రొమోటర్‌ని నేను ఆపేశానో ఆలోచించలేదు. రేపు నేను పడితే?

కట్టు కట్టిన రెండోవారంలో అమ్మకి గుర్తొచ్చింది. కింద ఫ్లాట్‌లోవాళ్ళు నాలుగేళ్ళ కిందట కొత్తగా దిగినప్పుడు తోడు కావాలంటే తనే ఇచ్చింది. గిన్నె పట్టుకుని వెళ్ళాను. అప్పటికే లైట్లు వేశారు.

"చీకటిపడ్డాక పెరుగివ్వకూడదు బాబూ, పొద్దున్నే రా" అన్నారు పిన్నిగారు. అంత చదివి వెళ్ళినవాణ్ణి, నోరెత్తకుండా తిరిగొచ్చాను.

పొద్దున్న తెచ్చుకున్నాను. ఆ రాత్రి పాలు కాచి, అమ్మ దగ్గరికి గిన్నె తీసుకెళ్ళాను. ఎడమచేతి వేలు ముంచి, "ఇంకా కాసేపు" అంది. కాసేపయ్యాక నా వేలు పట్టుకుని ముంచింది. "ఇదిగో, ఇంత." ఎన్ని డిగ్రీలని అడగబోయి ఊరుకున్నాను.

తెల్లారి పెరుగు గట్టిగా తోడుకుంది. అమ్మ నోట్లో వేసుకుని కాసేపు ఆలోచించింది. "మనదే. వాళ్ళింటి పులుపు కాస్త పట్టింది."

అది నిజంగా అమ్మమ్మింటి తోడేనా అని అడిగితే, నాలుగేళ్ళలో ఆ గిన్నెలో ఎన్ని వేల తరాలు గడిచాయో, ఏమేం ఊడిపోయాయో, ఏం కొత్తగా చేరాయో నేను చెప్పలేను. అసలు మధ్యలో ఎప్పుడూ పోలేదా అని అమ్మనే అడిగాను. "పోకేం, రెండు మూడుసార్లు పోయింది. పక్కింట్లోంచి తెచ్చుకున్నాం" అంది తేలిగ్గా.

కట్టు విప్పేశారు. పెరుగు ఇంకా నేనే తోడుపెడుతున్నాను, వారంలో నాలుగు రోజులు. అమ్మ ఈ నెల కరెంటు బిల్లు తన ఫోన్లోంచి తనే కట్టింది, నేను పక్కన కూర్చుని చేతులు కట్టుకున్నాను. నిన్న పొద్దున్న ఒక చిన్న డబ్బాలో రెండు చెంచాల పెరుగు తీసి పై అంతస్తులో కొత్తగా దిగిన కుర్రాళ్ళకి ఇచ్చొచ్చాను. వాళ్ళకి తోడుపెట్టడం రాదు. పాలు ఎంత వేడిగా ఉండాలని అడిగారు. వేలు ముంచి చూపించాను.